గోరంత దీపం

పగలు క్రీయా పడవకు చెవులు బాగానే పనిచేస్తాయి.
చీకటి పడితే చెవుడు.
ఐస్‌లాండ్ పడమటి కొసన, డిసెంబరులో,
పగలంటే నాలుగు గంటలే.

హాల్వేగ్ వచ్చి నా బల్ల మీద
మూడో రేడియో పెట్టింది.
"ఇదీ చచ్చింది. డబ్బు తిరిగిచ్చెయ్."
చేతులకు ఇంకా కాడ్ చేపల పొలుసు.
విప్పి చూశాను. బతికే ఉంది.
నా కొట్లో రేవంతా వినిపిస్తోంది దాంట్లో,
ఎవరో ఎవరినో తిడుతున్నది కూడా.

తప్పు కొండదన్నారు మొదట.
ఫియోర్డుకు అటూ ఇటూ నల్లరాతి గోడలు,
మాట దాటదని.
తర్వాత యాంటెన్నాదన్నారు. కొత్తది కొన్నది.
ఆపైన హాల్వేగ్‌దే అన్నారు:
పిలిచినా పలకదు, పొగరు.
పోయిన మంగళవారం పొగమంచులో
కెట్టిల్ మూడుసార్లు పిలిచాడట.
నాలుగోసారి పిలవలేదు, చుక్కాని తిప్పాడు.
రెండు పడవల మధ్య మిగిలింది
తెడ్డు పొడవు నీళ్లు.

సాయంత్రం పడవెక్కాను.
పదహారో ఛానెల్ పెట్టి
గొణుగుడు ఆగీ ఆగనిచోట మీట నిలిపి
"అన్నీ ఆర్పెయ్యి" అన్నాను.
ఇంజను, వలల మోటారు, పొయ్యి,
ఫోను చార్జరు, చివరికి దీపాలు.
చీకట్లో తాళ్లు మాత్రం కిర్రుమంటున్నాయి.
అప్పుడు నోరు విప్పింది రేడియో.
తీరం మీద ఎక్కడో వాతావరణం చదువుతున్న అమ్మాయి,
వాయవ్యం నుంచి గాలి, అలల ఎత్తు మూడు మీటర్లు,
పక్కన కూర్చుని చెప్పినట్టు.

"ఇప్పుడు ఒక్కొక్కటే వెయ్యి."
పొయ్యి: ఏమీ లేదు.
మోటారు: చిన్న దగ్గు.
కొయ్య మీది కొత్త తెల్లదీపం వేసిందో లేదో
ఆ అమ్మాయి గొంతు మీద
ఎవరో మూకుడు బోర్లించారు.
కాలిన పెనం మీద నీళ్లు, ఆగకుండా.

హాల్వేగ్ దీపాన్ని చూసింది
ఇంటిదొంగను చూసినట్టు.
"అది వెలుగేగా ఇచ్చేది?"
వెలుగే. కానీ దాని వెనక అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి
కరెంటును సెకనుకు లక్షసార్లు తరుగుతుంది.
ఉల్లిపాయ తరిగితే పక్కవాడి కళ్లు మండవూ, అలా.
ఆ ఘాటు తీగ పట్టుకుని పాకుతుంది.
పొడవు కుదిరిందా, ఆ తీగే యాంటెన్నా.
డబ్బా మూత తీశాను.
ఘాటును ఆపే ముక్కలు అతకాల్సినచోట
ఖాళీ గుర్తులు,
పళ్లూడిన చిగుళ్లలా.
అందుకే అంత చౌక.

రెండు తీగల్నీ జడలా మెలిపెట్టాను,
ఒకదాని అల్లరి రెండోది మింగేసేలా.
నల్లటి ఫెరైటు పూసలు తెచ్చి
ఒక్కోదాంట్లోంచి మూడు చుట్లు తిప్పాను.
దీపాన్ని యాంటెన్నా నుంచి రెండు మీటర్లు జరిపాను.
దూరం చాలా వాటికి మందు,
మా అన్నయ్యకూ నాకూ కూడా.
రొద పోయిందా అంటే, తగ్గింది.
పదోవంతు మిగిలింది. బిల్లు మీద అదీ రాశాను.

నా చెవిలోనూ ఒక యంత్రం ఉంది.
ఫోను మోగబోయే ముందే అది జుమ్మంటుంది,
తుమ్మెద దూరినట్టు.
ముప్పై ఏళ్లుగా రేవులో అందరి రొదలూ వెతుకుతూ
ఆ ఫోనును చొక్కా జేబులోనే మోశాను.
ఆ రాత్రి తీసి ఒడ్డున
పనిముట్ల పెట్టెలో పడేశాను.

దీపం వేసింది. నీళ్లు తెల్లబడ్డాయి.
ఇద్దరం రేడియోను చూస్తూ నిలబడ్డాం,
పాలు పొంగేదాకా చూసినట్టు.
కాసేపటికి కెట్టిల్:
"క్రీయా, క్రీయా, వినబడుతోందా?"
ఆమె మైకు తీసి మీట నొక్కి
ఒక్క క్షణం ఏమీ అనలేదు.
"చెప్పు."
"కాఫీపొడి ఉందా?"
"ఉంది. మెల్లగా రా."